గోధుమ లేని రొట్టె, గోధుమ లేని కేకు



ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల వారికి ఈ రోజు ఒక వంటింటి సంగతి చెప్పాలని వచ్చాను. గోధుమ పిండి, మైదా ఒక్క చిటికె కూడా కలపకుండా బిస్కత్తులు, కేకు, రొట్టె ఇంట్లో కాల్చుకోవడం ఎలాగన్నది విషయం. ఇది సరదా కోసం చెప్పే వంట కాదు. కొందరు పిల్లలకు ఇదే మందు.

నేను బడిపంతులమ్మను. ప్రార్థనకు పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెడతాం కదా, ఏడవ తరగతి వరుసలో ఒక అమ్మాయి ఎప్పుడూ మొదటి చోటే ఉండేది. పన్నెండేళ్ళ పిల్ల, చూస్తే ఎనిమిదేళ్ళని అనుకుంటాం. ముఖం పాలిపోయి ఉండేది. బడిలో వారం వారం ఇచ్చే ఇనుము మాత్ర వేసుకున్నా రక్తం పట్టలేదు. తరచు కడుపు ఉబ్బరం, విరేచనాలు. నులిపురుగులన్నారు, దిష్టి అన్నారు, తిండి చాలదన్నారు. చివరకు ఒక పెద్ద ఆస్పత్రిలో సీలియాక్ వ్యాధి అని తేల్చారు. గోధుమ మానెయ్యమన్నారు, జన్మంతా.

తల్లి నా దగ్గరికి వచ్చి అడిగిన మాట ఇది: "టీచరమ్మా, అన్నం, ఇడ్లీ నేను పెట్టుకుంటాను. కానీ బళ్ళో పుట్టినరోజని ఎవరైనా కేకు ఇస్తే, ఈ బిడ్డ చేత్తో పట్టుకొని పక్కపిల్లకు ఇచ్చేస్తుంది. పట్నం నుంచి పొట్లాలు తెప్పించే దుడ్డు నా దగ్గర లేదు. దీనికి తినే కేకు యాడ దొరుకుతుంది?" ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి నేర్చుకున్నదే ఈ ప్రసంగం.

ముందు ఆ జబ్బు ఏమిటో చూద్దాం. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. గోధుమ పిండిని తడిపి ముద్ద చేసి, ఆ ముద్దను నీళ్ళ కింద పట్టి పిసికితే గంజి అంతా పోయి చివరకు బంక లాంటిది చేతిలో మిగులుతుంది. అదే గ్లూటెన్. చాలామందికి అది ఏ హానీ చెయ్యదు. కొందరి శరీరం మాత్రం దాన్ని శత్రువుగా ఎంచుతుంది. ఆ పోరాటంలో చిన్నపేగు లోపలి గోడ దెబ్బతింటుంది. ఆ గోడ మీద తివాచీ నూలులాగా సన్నని పోగులు ఉంటాయి. తిన్నదాని సారాన్ని పీల్చుకునేవి అవే. అవి అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. అందుకే పిల్ల ఎదగదు, రక్తం నిలవదు. ఇది అంటువ్యాధి కాదు. దీనికి ఈనాటికీ ఉన్న నమ్మకమైన వైద్యం గ్లూటెన్ లేని ఆహారమే. గోధుమ మానితే పేగు మెల్లగా కోలుకుంటుంది.

వైద్యులకు ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. మన తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన 1888వ సంవత్సరంలోనే, లండన్‌లో శామ్యూల్ జీ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణించి వ్యాసం అచ్చు వేయించాడు. నయం కావలసింది ఆహారంతోనే అని ఆయన గ్రహించాడు కానీ, ఏ ఆహారమో పట్టుకోలేకపోయాడు. అది తేల్చినవాడు హాలండ్ దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికే. గోధుమ మీద ఆయనకు ముందే అనుమానం ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలాన ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకలేదు. చుట్టూ జనం ఆకలితో అలమటిస్తూ ఉంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే మళ్ళీ పడ్డారు. 1950లో ఆయన తన పరిశోధనను సమర్పించాడు. గోధుమ, రై ఈ పిల్లలకు పడవని లోకానికి తెలిసింది.

మన దేశంలో ఈ జబ్బు రొట్టె తినే ఉత్తరాదిన ఎక్కువ. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, రక్తపరీక్షలో దీని సూచనలు ఉత్తరాన సుమారు నూటికి ఒకరిలో, దక్షిణాన సుమారు వెయ్యికి ఒకరిలో కనిపించాయి. మనం గోధుమ తక్కువ తినడం దీనికి ఒక కారణమని పరిశోధకులు భావించారు. అరుదైన జబ్బు కావడం వల్ల మన వైపు ఇది తొందరగా ఎవరికీ తట్టదు. ఆ అమ్మాయి విషయంలో జరిగింది అదే. పైగా ఇప్పుడు మన ఊళ్ళలో సాయంత్రమైతే పరోటా రాయి వేడెక్కని వీధి ఉందా?

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది విని ఎవరూ తమంతట తాము గోధుమ మానెయ్యవద్దు. రక్తపరీక్ష, అవసరమైతే పేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, ఇవన్నీ గోధుమ తింటూ ఉన్నప్పుడే సరిగా తేలుతాయి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు కనబడవచ్చు. మొదట వైద్యుడు, తరువాత వంటిల్లు. జబ్బు లేనివారు గోధుమకు భయపడవలసిన పని లేదు.

ఇక ఏ ధాన్యాలు పనికివస్తాయి? పనికిరానివి మూడే. గోధుమ, బార్లీ, రై. రై మన వైపు దొరకదు. బార్లీని తెలుగులో యవలు అంటాం. తమిళంలో దాని పేరు వాఱ్‌గోదుమై, అంటే తోక గోధుమ. పేరులోనే గోధుమ ఉంది, గుర్తు పెట్టుకోండి. బొంబాయి రవ్వ, మైదా, సేమియా, ఇవన్నీ గోధుమ బిడ్డలే. సంబా రవ్వ అంటే సంబా బియ్యపు నూక అనుకునేరు. అది సంబా గోధుమ రవ్వ. ఓట్స్‌లో గోధుమ కలిసిపోవడం ఎక్కువ. పైగా కొందరికి ఓట్సే పడవు. వైద్యుడు చెప్పేదాకా వాటి జోలికి పోవద్దు.

పనికివచ్చేవి చూడండి, ఎంత పెద్ద పట్టికో. బియ్యం. రాగులు, అంటే కేవురు. జొన్నలు, అంటే చోళం. సజ్జలు, అంటే కంబు. కొర్రలు, అంటే తినై. సామలు, అరికెలు, ఊదలు. మొక్కజొన్న, సగ్గుబియ్యం, శనగపిండి, మినుములు, పెసలు. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. మన పెద్దలు చెప్పే కథలో వల్లీదేవి పక్షులను తోలుతూ కాపలా కాసింది కొర్రచేనికే కదా. ముసలివాడి వేషంలో వచ్చిన మురుగన్‌కు ఆమె పెట్టింది తేనె కలిపిన కొర్రపిండి. ఇప్పటికీ ఆయనకు తినైమావు నైవేద్యం పెడతాం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్ర ప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉంది. ఆ తరువాత మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా ఇటు కేవురు కళి, అటు రాగి సంగటి అదే కుండలో ఉడికాయి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు మైదాకు మరిగాం కానీ, ఈ పిల్లలకు కావలసిన ధాన్యం మన చేతిలోనే ఉంది.

మరి చిక్కు ఎక్కడ? కాల్చడంలో ఉంది. మైదా ముద్దలో గ్లూటెన్ వలలాగా అల్లుకుంటుంది. ఈస్ట్ గానీ సోడా గానీ పుట్టించే గాలి ఆ వలలో చిక్కుకొని ముద్ద పొంగుతుంది. రాగిపిండికి, బియ్యప్పిండికి ఆ వల లేదు. గాలి తప్పించుకుపోతుంది. నేను మొదటిసారి మైదా కేకు కొలతలతోనే మైదా బదులు రాగిపిండి వేసి చేశాను. కత్తి పెట్టగానే ఇసుక గూడులా రాలిపోయింది. చెంచాతో తిన్నాం.

తప్పు ఎక్కడుందో ఆలోచిస్తే ఇడ్లీ గుర్తొచ్చింది. ఇడ్లీలో గోధుమ లేదు, అయినా పొంగుతుంది. ఎందుకు? మినప్పప్పు రుబ్బితే వచ్చే జిగురు, నురుగు గాలిని పట్టి ఉంచుతాయి. గ్లూటెన్ చేసే పని అక్కడ మినుము చేస్తోంది. అంటే ఇడ్లీ గోధుమ లేకుండా ఆవిరి మీద ఉడికిన రొట్టె అన్నమాట. కాబట్టి సూత్రం ఇది: గోధుమ తీసేస్తే దాని జిగురు బదులు మరో జిగురు పెట్టాలి. కేకుకు కోడిగుడ్డు, అరటిపండు ఆ పని చేస్తాయి. రొట్టెకు మందుల అంగడిలో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు చేస్తుంది. బిస్కత్తుకు జిగురుతో పనే లేదు, అది పొంగవలసినది కాదు. అందుకే బడిలో పాఠాల్లాగా తేలికదానితో మొదలుపెడదాం.

పాఠానికి ముందు పలక తుడవాలి. గ్లూటెన్ లేని ఆహారం అని పొట్లం మీద వెయ్యాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ఆహార భద్రతా నియమం. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కూడా కొన్ని నెలల్లో పేగుకు చేటు చేయగలదని పరీక్షల్లో తేలింది. అంత గ్లూటెన్ సుమారు అర గ్రాము మైదాలో ఉంటుంది, చిటికెడు. కాబట్టి ఊళ్ళో పిండి మిషనులో మన ముందు ఎవరో గోధుమలు ఆడించి వెళితే, ఆ వెనక ఆడిన మన రాగుల్లోకి ఆ పిండి వచ్చి చేరుతుంది. ధాన్యం కొనండి, చేటలో చెరిగి గోధుమ గింజలు ఏరండి, కడిగి, శుభ్రమైన గుడ్డ మీద ఎండబెట్టి, ఇంట్లో మిక్సీలో ఆడి జల్లించండి. జల్లెడ, చపాతీ పీట, చెక్క గరిటె ఈ బిడ్డకు వేరేగా ఉంచండి. చెక్క సందుల్లో, జల్లెడ కన్నాల్లో పిండి దాగుతుంది. అదే రోజు ఇంట్లో చపాతీ చేస్తే, ముందు బిడ్డ వంట, తరువాత చపాతీ.

ఓవెన్ లేదని దిగులు వద్దు. దళసరి పాత గిన్నె ఒకటి తీసుకోండి. అడుగున రెండు అంగుళాల మందం శుభ్రమైన ఇసుక గానీ రాళ్ళ ఉప్పు గానీ పొయ్యండి. మీద చిన్న ఇనుప స్టాండు పెట్టి, బిగువైన మూత వేసి, మధ్యరకం మంట మీద పది పదిహేను నిమిషాలు కాగనివ్వండి. అదే మన ఓవెన్. గిన్నె బాగా కాలుతుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఒకటవ పాఠం, కొర్ర బిస్కత్తులు. ఒక కప్పు కొర్రపిండి, పావు కప్పు బియ్యప్పిండి కలిపి సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చండి. అర కప్పు చక్కెర పొడి, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కలపండి. కరిగీ కరగని నెయ్యి అర కప్పుకు కొంచెం తక్కువ తీసుకొని, కొద్దికొద్దిగా వేస్తూ ముద్ద చెయ్యండి. ముద్ద కాకపోతే ఒక చెంచా పాలు. చిన్న ఉండలు చేసి అదిమి, పళ్ళెంలో పేర్చి, వేడెక్కిన గిన్నెలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. దించగానే మెత్తగా ఉంటాయి, ముట్టుకుంటే విరుగుతాయి. చల్లారితే గట్టిపడతాయి. ఇవి చెడడం కష్టం. ధైర్యం వస్తుంది.

రెండవ పాఠం, రాగి కేకు. ఒక కప్పు రాగిపిండి, అర కప్పు బియ్యప్పిండి జల్లించండి. బాగా మాగిన అరటిపండ్లు రెండు మెదిపి, అర కప్పు పెరుగు, ముప్పావు కప్పు బెల్లం పొడి, మూడో వంతు కప్పు నూనె కలిపి ఆ పిండిలో పొయ్యండి. ఇప్పుడు ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచండి. నా మొదటి కేకులో మరో తప్పు ఇదే. రాగిపిండి నీళ్ళు తాగడానికి సమయం అడుగుతుంది. ఇవ్వకపోతే నోట్లో గరగర మంటుంది. తరువాత రెండు కోడిగుడ్లు బాగా నురుగు వచ్చేలా గిలకొట్టి కలపండి. చివరగా రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, పావు చెంచా సోడా ఉప్పు. బేకింగ్ పౌడర్ డబ్బా మీద చదవండి, కొన్నిటిలో కలిపే పిండి గోధుమది కావచ్చు. గిన్నెకు నెయ్యి రాసి మైదా చల్లే అలవాటు ఉంటుంది, ఇక్కడ బియ్యప్పిండి చల్లాలి. నలభై నిమిషాలు ఉంచి, పుల్ల గుచ్చి చూడండి. తడి అంటకపోతే అయినట్టే. కోడిగుడ్డు తినని ఇళ్ళలో రెండు పెద్ద చెంచాల అవిసె గింజల పొడిని ఆరు చెంచాల నీళ్ళలో నానబెట్టి వెయ్యవచ్చు. కొంచెం బరువుగా వస్తుంది, కానీ విడిపోదు.

మూడవ పాఠం, రొట్టె. ఇది కొంచెం కష్టం. దీనికి కప్పుల కొలత చాలదు, తూకం కావాలి. 150 గ్రాముల బియ్యప్పిండి, 100 గ్రాముల జొన్నపిండి, 50 గ్రాముల సగ్గుబియ్యం పిండి. 330 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో ఒక పెద్ద చెంచా చక్కెర, ఒక చిన్న చెంచా పొడి ఈస్ట్ వేసి, నురుగు వచ్చాక 20 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు చల్లి కలపండి. పది నిమిషాల్లో అది జావలా బిగుసుకుంటుంది. అదే మన వల. పిండి, చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె కలిపి పిసకండి. మైదా ముద్దలా రెండుసార్లు పొంగించి అణచవద్దు. ఒక్కసారే పొంగనివ్వాలి, అదీ కాల్చే గిన్నెలోనే. మన ఎండల్లో అరగంట ముప్పావుగంట చాలు. ఎక్కువసేపు ఉంచితే పొంగి కూలుతుంది. దాదాపు గంటసేపు కాల్చాలి. మన గిన్నెలో పైభాగం తెల్లగా ఉండిపోతుంది. చివర పదినిమిషాలు పెనం మీద బోర్లిస్తే రంగు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా చల్లారేదాకా కొయ్యవద్దు. వేడిమీద కోస్తే లోపల బంకగా ఉంటుంది, పచ్చిగా ఉందని పొరబడతారు.

ఇంత చేసి, ఒక చిన్న చోట మోసపోవచ్చు. అది ఇంగువ. అంగడిలో దొరికే కూట్టు పెరుంగాయం, ముద్ద గానీ పొడి గానీ, ఇంగువకు బంక, పిండి కలిపి చేసేది. ఆ పిండి చాలా రకాల్లో గోధుమది, కొన్నిటిలో బియ్యానిది. డబ్బా మీద తప్పక చదవండి. ఇడ్లీ మంచిదే, సాంబారులో ఇంగువ ద్వారా గోధుమ రావచ్చు. మురుకులకూ ఇదే మాట. బలానికని పిల్లలకు ఇచ్చే మాల్టు పానీయాల్లో బార్లీ, గోధుమ ఉంటాయి. బలం కోసం ఇచ్చినదే ఈ బిడ్డకు బలం తీస్తుంది. గుడిలో కేసరి ప్రసాదం రవ్వది. కళ్ళకు అద్దుకొని పక్కవారికి ఇవ్వడం తప్పేమీ కాదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. తమిళనాడులో 2022లో మొదలైన బడి అల్పాహార పథకం వంటల పట్టికలో రవ్వ ఉప్మా, సేమియా ఉప్మా, కిచిడీ వంటివి ఉన్నాయి. మిగతా పిల్లలకు అవి మేలైన తిండి. ఈ జబ్బున్న పిల్లకు బియ్యపు పొంగలి, బియ్యపు ఉప్మా వంటివే సరి, అవి కూడా ఇంగువ చూసి. తల్లిదండ్రులు వైద్యుని చీటీ బడిలో చూపాలి. మనం వంటవారికి చెప్పాలి. "ఒక్క ముద్దకేం కాదులే, తిను" అని ప్రేమతో అనే మాటే ఈ పిల్లలకు ఎక్కువ కీడు చేస్తుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని మూడు మాటల్లో గుర్తుంచుకోండి. పరీక్ష కాకముందు గోధుమ మానవద్దు. తేలిన తరువాత చిటికెడు కూడా పెట్టవద్దు. గోధుమ జిగురు తీసిన చోట మరో జిగురు పెట్టండి.

ఆ అమ్మాయి పుట్టినరోజుకు వాళ్ళమ్మ ఇసుక గిన్నెలో రాగి కేకు చేసింది. తరగతిలో నలభైమందికీ చిన్న చిన్న ముక్కలు వచ్చాయి. ఆ రోజు ఆమె తన ముక్క ఎవరికీ ఇవ్వలేదు, తానే తినింది. గోధుమ మాని ఏడాది దాటింది. ప్రార్థన వరుసలో మొదటి చోట నిలబడే పిల్ల ఇప్పుడు నాలుగవ చోట నిలబడుతోంది.